సింహభాగానికి కొత్త అర్థం

ఒక పెద్ద అడవిలో (ఎంత పెద్దదని అడక్కండి, నేను నిఘంటువులో తప్ప అడవిని చూసినవాణ్ణి కాదు, అందులోనూ సగం పేజీలు తిప్పలేదు) సింహానికి పరువు బెంగ పట్టుకుంది.

"ఎవడు ఎక్కువ కాజేసినా 'సింహభాగం మింగాడు' అంటున్నారట. ఎలుకలు కూడానట" అని వాపోయింది.

నక్క జంబులయ్యకు ఆస్థాన పండితుడి పీఠం మీద ఎప్పట్నించో కన్ను. "నాకొదిలేయండి ప్రభూ. ఆ మాట ఎక్కడ పుట్టిందో తవ్వి తీస్తాను" అన్నాడు.

తవ్వడమంటే, పొదలో కంటినిండా నిద్రపోయాడు. లేచి, సభ పెట్టించి చదివాడు.

"పూర్వం సింహాలు వేటలో ముప్పాతిక వంతు పేదలకు పంచి, మిగిలినదాంతో సరిపెట్టుకునేవి. ఆ పంచినదే సింహభాగం. గిట్టనివాళ్లు అర్థం తిరగేశారు."

"ఆధారమో?" అంది కొంగ.

"నీకు తెలియకపోవడమే ఆధారం. అంత పాత సంగతి."

సింహం కళ్లు చెమర్చాయి. జంబులయ్యకు శాలువా కప్పి పీఠమెక్కించారు. అడవంతా చప్పట్లు.

మర్నాడు సింహం ఒక దున్నను పడగొట్టి తలెత్తితే, ఎదురుగా పెద్ద వరస. ముందు దుమ్ములగొండి పోలమ్మ, పిల్లల్నేసుకుని, చేతిలో విస్తరాకుతో.

"మా ముప్పాతిక కోసం వచ్చాం దొరా. నిన్న పంతులుగారు చదివారు గదా."

సింహం జంబులయ్యను పక్కకు పిలిచింది. "ఇదంతా పంచితే నాకేం మిగులుతుందయ్యా?"

"కీర్తి, ప్రభూ."

"అది ఎముకతో వస్తుందా, మెత్తగా ఉంటుందా?"

జంబులయ్య నవ్వబోయి మానుకున్నాడు.

నిన్న చెమర్చిన కళ్లు ఇవాళ ఎర్రబడితే బాగుండదని సింహం పళ్లు బిగించి పంచింది. మిగిలిన పాతికా రాబందుల సంఘం 'మేమూ పేదలమే' అని ఎత్తుకుపోయింది. పోలమ్మ పిల్లలు మూతులు తుడుచుకుని "మళ్లీ ఎప్పుడు తాతా?" అన్నాయి.

అందరూ వెళ్లారు. సింహం మిగిలింది, ఆకలి మిగిలింది, పండితుడు మిగిలాడు.

"ప్రభూ, ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉందండీ, ఒక్క రాత్రి గడువిస్తే..." అంటూ జంబులయ్య వెనక్కి నడిచాడు.

"వద్దులే. పాతది నాకు గుర్తుంది" అంది సింహం.

జంబులయ్యగారు పరిశోధనలో లీనమయ్యారని మర్నాడు చాటింపు వేశారు. పీఠమెక్కిన కొంగ, సింహభాగమంటే అందరూ అనుకునేదేనని ఒక్క వాక్యంలో తేల్చి, పీఠాన్ని కాస్త దూరంగా చెట్టు కొమ్మ మీదికి మార్పించుకుంది.

నీతి: మాటకు ఏ అర్థమైనా చెప్పండి, వినేవాడు భోంచేశాక చెప్పండి.