టెలిఫోన్ వైద్యం ప్రైవేట్ లిమిటెడ్

1986 మార్చి నెలలో ఒక ఉదయం, హనుమకొండలో జరిగిన సమావేశానికి హాజరైనవారు, వచ్చిన క్రమంలో: అధ్యక్షులు, గృహ యజమాని, విశ్రాంత సివిల్ సర్జన్ డాక్టర్ సారంగపాణి గారు, వారి బావమరిది, బట్టల వర్తకుడు వీరభద్రం, చాయ్ ఇవ్వడానికి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయిన డాక్టరు గారి ధర్మపత్ని విజయలక్ష్మి గారు.

పల్లెల రోగులు బస్సులు పట్టుకొని పట్నం రానక్కరలేకుండా, టెలిఫోనులోనే వైద్య సలహా ఇచ్చే కంపెనీ స్థాపించాలన్నది డాక్టరు గారి సంకల్పం. క్లబ్బులో తోటి వైద్యులు నవ్విన కొద్దీ అది గట్టిపడింది. చట్టం ప్రకారం ఇద్దరు సభ్యులు సంతకం చేయాలి. ఆ కాగితాలను మధ్యాహ్నం రైలుకు ఆడిటరు హైదరాబాదు తీసుకుపోతాడు. రెండవ సంతకం వీరభద్రానిది. అది లేకుంటే కంపెనీ పుట్టదు.

“ముందు ఒక్క రోగిని ఫోన్ల సూడు బావా. అటెన్క సంతకం పెడ్త. నాడి పట్టకుంట నయం చేసుడు నేనెన్నడు సూడలే.”

“ఇప్పుడే చూస్తావు,” అన్నారు డాక్టరు గారు.

అనుకున్నట్టే ఎనుమాముల మిర్చి మార్కెట్ నుంచి, రైతుల సరుకు వేలం వేయించే అడ్తి వ్యాపారి వెంకట్రాజం ఫోను చేశాడు. రోగి రాయమల్లు మిరప రైతు. పక్కనే ఉన్నా రిసీవరు ముట్టనన్నాడు. మన ప్రాంతంలో రోగి తన బాధ తాను చెప్పుకోడు, వెంట వచ్చినవాడు చెబుతాడు. కనుక ఆ పని వెంకట్రాజం మీద పడింది. లైనులో గరగర, ఆయనదేమో వేలంలో పదునెక్కిన గొంతు.

“కడుపుల మంటనట సార్!”

“కారం ఎంత తింటాడు?”

“కారమే తింటడట సార్! కూర ఉత్తగ పక్కకు పెట్టుకుంటడట!”

“కడుపులో పుండు. మిరపకాయ ముట్టవద్దని చెప్పండి.”

వెంకట్రాజం అటు తిరిగి అరిచాడు. “హనుమకొండ పెద్ద డాక్టర్ చెప్తాండు! మిరపకాయతోని కడుపు పుండైతదట! ముట్టొద్దట!”

బయట యార్డు నిండా మిరప బస్తాలు, నడుస్తున్న వేలం. కొనేవాళ్లకు ఇంతకన్న మంచి సాకు ఏం కావాలి? పాట ఆపి ధర దించేశారు. రైతులు రిసీవరు గుంజుకున్నారు.

“ఏం డాక్టర్‌వయ్యా? మా పంట మీద మన్ను పోస్తవా?”

“నేను చెప్పింది రాయమల్లు కడుపు సంగతి.”

“ఆని కడుపుకు మా బస్తాలకు ఏం సంబంధం?”

“నేనడిగేదీ అదే!”

కాసేపటికి ట్రాక్టరు నిండా జనం ఇంటి ముందు దిగారు, మధ్యలో రాయమల్లు. ముందు నిలిచిన సోమక్క అనే రైతు, “సారూ, తప్పు చెప్పిన అని ఒక్క మాట అను. పోతం,” అంది.

“అను బావా!” వీరభద్రం డాక్టరు గారి చెయ్యి పట్టుకున్నాడు. “నా గిరాకీ అంత వీళ్లే! అనకుంటే సంతకం లేదు.”

డాక్టరు గారు కోటు గుండీలు పెట్టుకొని గడప మీద నిలిచారు. “కంపెనీ పుట్టకపోతే పోనీ. యార్డు యార్డంతా వచ్చినా నా మాట మారదు.”

అప్పుడు విజయలక్ష్మి గారు ముందుకు వచ్చారు. “రాయమల్లూ, అటెన్క కారం తిన్నవా?”

“లేదమ్మా. డాక్టర్ సాబ్ వద్దన్నడని సద్దిల మజ్జిగ పోసుకున్న. మంట జర తగ్గింది.”

“ఇన్నవా అన్నా? దవాఖాన్ల కూసోని చెప్తే ఒక్కడు ఇన్లే. ఫోన్ల చెప్తే యార్డే ఆగింది!” వీరభద్రంతో ఈ మాట అని విజయలక్ష్మి గారు సోమక్క వైపు తిరిగారు. “మా ఇంట్ల కారం నేనే నూరుత. ఈయన మూడు పూటలు తింటడు. పుండున్నోనికే వద్దన్నడు, నీకు నాకు కాదు.” ఆ మాటే ఫోనులో వెంకట్రాజానికి చెప్పి, “ముందటి లెక్కనే ఒర్రుండ్రి,” అన్నారు. ఆయన అరిచాడు. వేలం మళ్లీ లేచిందని ఫోనులోనే తెలిసి జనం ట్రాక్టరెక్కారు.

వీరభద్రం మాత్రం, “గింత లొల్లి కంపెనీల నేనుండ,” అని దొడ్డి దారిన జారుకున్నాడు.

“ఇద్దరుంటే చాలన్నరు గద,” అన్నారు విజయలక్ష్మి గారు కలం అందుకుంటూ. “ఇద్దరు మొగోళ్లే ఉండాలని ఏడనన్న ఉన్నదా?”

డాక్టరు గారు చట్టమంతా మనసులో తిరగేశారు. లేదు.

కంపెనీకి ప్రాణం పోసిన ఆ రెండవ సంతకానికిగాను శ్రీమతి విజయలక్ష్మి గారికి అధ్యక్షులు లేచి నిలబడి కృతజ్ఞతలు సమర్పించారు. అధ్యక్షులకు కొత్త డైరెక్టరైన ధర్మపత్నే అన్నం వండిపెట్టాలన్న నిబంధన కూడా చట్టంలో లేదని ఆ పూట ఆకలితో గ్రహించారు.