తనంతట తాను నడిచిన బాణం

భయమన్నది నా ఒంట్లో ఏ మూలా లేదు. చీకట్లో తాడనుకుని పామును పట్టుకుని, పామని తెలిశాక కూడా దానికి ముడివేసి మరీ వదిలిపెట్టిన మనిషిని. ఇక కల్పించి చెప్పడం నాకు బొత్తిగా చేతకాదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పి నోరు మూసుకుంటాను. ఈ రెండు ముక్కలూ గుర్తుపెట్టుకుని మా పక్కింటి వాచీల మేస్త్రి కథ వినండి.

మేస్త్రి గడియారం విప్పాడంటే తెల్లగుడ్డ మీద మరలన్నీ వరసగా పేర్చి, ఊపిరి బిగబట్టి మళ్ళీ బిగిస్తాడు. చేతి వణుకు ఎరగడు. ఆయన భార్య దర్జీ. నాటకాల వాళ్ళకు వేషాలు కుడుతుంది. ఏ వేషానికైనా ముందు కంప్యూటరులో నమూనా గీసి, కాగితం మీద అచ్చు తీసి, దాన్ని గుడ్డ మీద పరిచి కత్తిరిస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ గీసిన నమూనాలన్నీ ముందుగదిలోని ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. ఆ ఇంటి పొయ్యి వెలిగేది వాటి వల్లే. వాచీలు బాగుచేయించుకునే వాళ్ళు ఇప్పుడెక్కడున్నారు?

ఆ రోజు మేస్త్రి దుకాణానికి సెలవు. పొద్దున్నే ఆవిడ కత్తెర పట్టుకుని లోపలి గదిలోకి వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"ఏమండీ, సాయంత్రం నాటకం వాళ్ళొస్తారు. రాజుగారి పొడుగు కోటు నమూనా చూపించాలి. నచ్చిందా, ఏడాది పొడుగునా పని మనదే. నేను లోపల గుడ్డ కోస్తుంటాను. మీరు ఆ కంప్యూటర్‌ని అప్‌డేట్ చేసిపెట్టండి. అది అడిగినప్పుడల్లా 'తర్వాత, తర్వాత' అని నొక్కేసి తప్పించుకుంటున్నారు."

"అదెంత పని! ఆవగింజంత మరల్లో దుమ్ము తీసినవాణ్ణి."

"అడగనివేవీ నొక్కకండి. అదే పదివేలు."

మేస్త్రి టీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ఓ ముసలి పిల్లి కూర్చుంది. పొద్దున టీ వేళకు తప్పకుండా ఆ ఇంటికి వచ్చే పిల్లి అది. తెర వెలిగింది. మేస్త్రి ఇంకా చెయ్యి చాపనే లేదు, తెర మీది బాణం మెల్లగా కదిలింది.

ఆయన తన చేతులు చూసుకున్నాడు. రెండూ ఒళ్ళోనే ఉన్నాయి. మౌసు బల్ల మీద ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. లోపలి గదిలో కత్తెర కరకరమంది. బాణం జర్రున జారి నమూనాల ఫోల్డర్ మీద వాలింది. కత్తెర ఆగింది. బాణమూ ఆగింది, దొంగ గోడవారన నక్కినట్టు. మళ్ళీ కరకర. టక్కున ఫోల్డర్ తెరుచుకుంది.

మేస్త్రి కుర్చీలో వెనక్కి జరిగాడు. పిల్లి బల్ల కింద దూరింది.

భార్యతో చెబుదామా అంటే "ఏం నొక్కారు?" అన్నదే ఆవిడ మొదటి ప్రశ్న అవుతుంది. ఏమీ నొక్కలేదంటే నమ్మేవాళ్ళెవరు? అందుకని బావమరిదికి ఫోన్ చేశాడు. అతని పేరు అందరూ మరిచిపోయారు. ఏ పని చెప్పినా "నాకొదిలెయ్" అంటాడు కనుక అదే పేరుగా స్థిరపడింది.

"ఒరేయ్, కంప్యూటర్లో ఎవడో ఉన్నాడ్రా," అన్నాడు మేస్త్రి గుసగుసగా.

"వైరస్ బావా! నాకొదిలెయ్. నెట్‌లో ఉచితంగా మందులు దొరుకుతాయి. ఒకటి దించి వేసెయ్."

"ఒక్కటి చాలుతుందంటావా?"

"రెండు వెయ్యి. దానికి లొంగకపోతే దీనికి లొంగుతుంది. అన్నట్టు అక్క పక్కనే ఉందా?"

"లోపలుంది."

"అయితే నాకు ఫోన్ చేశావని చెప్పకు," అని పెట్టేశాడు.

మేస్త్రి ముందు కనబడిన మందు దించాడు. ఆ పక్కనే ఎర్రగా మెరిసిపోతున్న రెండోదీ దించాడు. మొదటిది లేచి కూర్చుని, రెండోది దొంగ అంది. రెండోది కళ్ళు తెరిచి, మొదటిదే దొంగ అంది. ఒకే వాకిట్లో ఇద్దరు కాపలావాళ్ళు ఒకరి జుట్టు ఒకరు పట్టుకుంటే ఇంకేముంది, తలుపు బార్లా తెరిచే ఉంది. తెరంతా ఎర్రబడింది. కూతవేటు దూరం వినబడేలా సైరన్ మోగింది. "మీ యంత్రం పూర్తిగా వ్యాధిగ్రస్తమైంది. ఆపితే సర్వనాశనం. వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని అక్షరాలు ఊగిపోయాయి.

"ఏంటండీ ఆ గోల?" లోపలినుంచి కేక.

"వార్తలు!" అని మేస్త్రి చప్పుడు తగ్గించి, చెమట తుడుచుకుని, ఆ నంబరుకే ఫోన్ చేశాడు.

అవతల గొంతు తేనె పూసినట్టుంది. "కంగారు పడకండి సార్. మంచి సమయానికి చేశారు. ఇంట్లో ఎవరికైనా చెప్పారా?"

"లేదండీ."

"చెప్పకండి. భయపడతారు. నేను చెప్పింది ఒకటి దించండి. ఇక్కణ్ణించే లోపలికొచ్చి శుభ్రం చేస్తాను."

మేస్త్రి చెప్పినట్టల్లా చేశాడు. గడియారం మర ఒక్కటి కూడా పరాయివాడి చేతికివ్వని మనిషి ఇల్లంతా అప్పగించాడు. భయం మనిషిని ఎంత విధేయుణ్ణి చేస్తుందో చూడండి. బాణం ఇప్పుడు చకచకా, పని తెలిసినవాడి చేతిలో కత్తిలా తిరగసాగింది. నమూనాల పేర్లు ఒక్కొక్కటే మారిపోతున్నాయి. మంత్రిగారి చొక్కా పోయి అర్థంలేని అంకెలు వచ్చాయి. రాణిగారి గౌను పోయింది. రాజుగారి కోటూ పోయింది.

"ఇదేంటండీ?" అన్నాడు మేస్త్రి.

"తాళాలు వేసి భద్రం చేస్తున్నాను సార్. తాళంచెవి సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

అప్పుడు తెలిసింది మేస్త్రికి, దొంగ వస్తున్నాడని అరుస్తూ దొంగ చేతికే దీపం ఇచ్చానని. 

సరిగ్గా అప్పుడు లోపల కత్తెర కరకరమంది. దొంగ పట్టుకున్న బాణం అతని చేతిలోంచి జారి మూలకు పరుగెత్తింది. అతను వెనక్కి లాగాడు. కరకర. అది మళ్ళీ పారిపోయింది. టక్కుమని అతను తెరిచిన కిటికీ మూసేసింది.

"సార్, మౌసు వదలండి."

"నేను ముట్టుకోలేదండీ. మీరు కాదా?"

"నేను కాదు!" తేనె కాస్త పలచబడింది. "మీ పక్కన ఎవరున్నారు?"

"పిల్లి తప్ప ఎవరూ లేరు."

కరకర, కరకర. బాణం తెరంతా గుండ్రంగా తిరిగి దొంగ పెట్టిన ఇంకో కిటికీ కూడా మూసింది.

"లోపల ఇంకెవడో ఉన్నాడు సార్! పోలీసులకి చెప్పారు కదూ? నాకు పిల్లలున్నారు సార్!" ఫోన్ టప్పున ఆగిపోయింది.

మేస్త్రి గోడలో వైర్లన్నీ పీకేశాడు. దీపం ప్లగ్గు కూడా పీకాడు. గది నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దానికే ఆవిడ బయటికొచ్చింది.

"ఎవరితో మాట్లాడారు?"

మేస్త్రి దాచలేదు. బాణం దగ్గర్నుంచి ఫోన్ దాకా మొత్తం చెప్పేసి, "నీ నమూనాలన్నీ నా చేతుల్తో నాశనం చేశాను," అని బల్ల మీద తల పెట్టేశాడు.

ఆవిడ లోపలికెళ్ళి, గుడ్డ మీదినుంచి ఓ వస్తువు తెచ్చి ఆయన ముందు పెట్టింది. తోకలేని పాత మౌసు.

"కాగితం కదలకుండా గుడ్డ మీద బరువు పెడతాను కదా? దీని బరువు బాగుంటుందని ఇవ్వాళ ఇదీ పెట్టాను. లోపల బ్యాటరీ ఉందని చూసుకోలేదు. దీని జత ముక్క ఆ కంప్యూటర్ వెనక ఇంకా గుచ్చుకునే ఉంది. నేను గుడ్డ కోసినప్పుడల్లా ఇదీ కదిలి నొక్కుకుంది."

మేస్త్రి తలెత్తాడు. "అయితే వైరస్..."

"పొద్దున లేదు. ఇప్పుడుంది. మీరే పిలిచి పీట వేశారు."

"మరి నమూనాలో?"

ఆవిడ గుండీల డబ్బా తెచ్చి, గుండీల్లో చెయ్యి పెట్టి ఓ చిన్న పెన్‌డ్రైవ్ తీసింది. "పని అయ్యాక రోజూ దీన్లోకి ఎక్కించి, పీకి ఇక్కడ పడేస్తాను. కుట్టిన కోటు ఉంది కదాని నమూనా కాగితం చించుకునే దర్జీ ఉంటుందా? లేవండి. మొహం కడుక్కోండి." బల్ల కిందికి వంగి, "మీరు కూడా బయటికి రండి," అంది. ఆవిడ పిల్లుల్ని కూడా మీరు అనే పిలుస్తుంది. అంత మర్యాదస్తురాలు.

మేస్త్రి ఆ కంప్యూటరును గడియారంలా చూశాడు. లోపలున్నదంతా తుడిచేసి, మొదటినుంచి ఎక్కించి, అడిగిన అప్‌డేట్లన్నీ చేసి, ఒకే ఒక్క కాపలావాణ్ణి పెట్టాడు. పాస్‌వర్డులన్నీ ఆవిడ ఫోన్‌లోంచి మార్చింది. బ్యాంకుకూ చెప్పింది. పెన్‌డ్రైవ్ ఆ తర్వాతే తగిలించారు. రాజుగారి కోటు చెక్కు చెదరకుండా తెర మీదికి వచ్చింది. సాయంత్రం నాటకం వాళ్ళు చూసి ఏడాది పని రాసిచ్చి వెళ్ళారు. పాత మౌసు బ్యాటరీ తీసేద్దామని ఆవిడ అంటే మేస్త్రి ఒప్పుకోలేదు. దొంగను తరిమిన కాపలావాడు ఆ ఇంట్లో అదొక్కటేనట.

ఇందులో నేను కల్పించింది పిల్లినొక్కదాన్నే. ఆ ఇంట్లో పిల్లి లేదు. బల్ల కింద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నది నేనే.

టీ మాత్రం ఆవిడ అక్కడికే అందించింది.