ముందుగదిలో మూడు వ్యాపారాలు

మానవజాతిలో చేర్చేవాళ్లు, చేరేవాళ్లు అని రెండే తెగలున్నాయని, మూడోది లేదని ఆ ఇంటి పెద్దకొడుకు ఎప్పుడో తేల్చేశాడు. ఆ మూడో తెగ ఆయన భార్య రూపంలో వంటింటి నడవలో కుట్టుమిషను తొక్కుతోంది.

తగాదా ముందుగది గురించి. వీధివైపు కిటికీ, కళ్లు చిట్లించకుండా సూదిలో దారం ఎక్కించగల వెలుతురు ఆ ఒక్క గదికే ఉన్నాయి. అందులో సగం భర్త గొలుసుకట్టు వ్యాపారం తాలూకు నేల కడిగే ద్రావకం పెట్టెలు. మిగతా సగం మరిది కాఫీ ఫ్రాంచైజీ కౌంటరు. గోడ రంగుకు పైనుంచి అనుమతి రాలేదు కనుక అక్కడ ఇంతవరకూ ఒక్క కప్పు కాఫీ కాయలేదు. (వదిన కాచిన కాఫీ ఆ గదిలో తాగకూడదు. అది పోటీ సంస్థ సరుకు.)

"మిషను అక్కడ వేసుకుంటే మీకేం నొప్పి?" అందామె, దారం కొరుకుతూ.

"నొప్పి కాదే. నీది వ్యాపారమే కాదు. కుడితేనే డబ్బు. నాకు నిద్రపోతున్నా వస్తుంది."

"నిద్ర రావడం రోజూ చూస్తూనే ఉన్నా. డబ్బు రావడమే కనపళ్లేదు."

"సొంతంగా అంటే రిస్కు వదినా," అన్నాడు మరిది. "మాకు ప్రతిదానికీ పుస్తకం ఉంది. కస్టమరు రాగానే ఎనిమిది పళ్లు కనబడేలా నవ్వాలి."

"తొమ్మిదోది కనబడితే?"

"సంజాయిషీ రాసివ్వాలి."

అత్తగారు పెద్దకొడుకు కిందే గొలుసులో చేరింది. నిబంధన ప్రకారం అతను గదిలోకి రాగానే లేచి చప్పట్లు కొట్టాలి. మోకాళ్ల నొప్పుల దృష్ట్యా కూర్చుని కొట్టేందుకు దరఖాస్తు పెట్టుకుంది. పరిశీలనలో ఉంది.

అసలు దెబ్బ పెద్దకోడలికే తగిలింది. బట్టలు తెచ్చినవాళ్లను భర్త గుమ్మంలోనే ఆపి, "మీ కల ఏమిటండీ?" అని అడిగేవాడు. చొక్కా చేతులు పొట్టి చేయించుకోవడం తప్ప వేరే కల లేని బడిపంతులు, చొక్కా ఇక్కడే మరిచిపోయి ద్రావకం డబ్బాతో వెళ్లాడు. తర్వాత జనం పెరటిగోడ మీదుగా బట్టలు అందించసాగారు. కొందరు అదీ మానేశారు. ఇలాగే సాగితే మిషను మీద గుడ్డ కప్పేయడమే మిగులుతుంది.

ఆదివారం గొలుసు సంస్థ ప్రాంతీయ ఉత్సాహాధికారి స్వయంగా విచ్చేశారు. "ఎగరండి! కలలను అందుకోండి!" అంటూ ముందు తానే ఎగిరి చూపించారు. ప్యాంటు వెనక కుట్టుకు అంత ఉత్సాహం పట్టలేదు.

కాసేపటికి ఆయన తువ్వాలు చుట్టుకుని నడవలో నిలబడ్డారు. కుట్టు పడుతుంటే ఉద్యోగధర్మం గుర్తొచ్చింది.

"మీరెవరి కింద చేస్తున్నారమ్మా?"

"ఫ్యాను కింద."

"మరి పైవాళ్లకు ఎంత పోతుంది?"

"పైవాళ్లు లేరండీ."

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "బాగుందే! మరి ఈ చీకట్లో ఎందుకు, వెలుతురున్న గదిలో కూర్చోవచ్చుగా?"

"గది ఉందండీ. అందులో మీ పెట్టెలున్నాయి." ప్యాంటు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

అధికారి తువ్వాలు బిగించుకుని, ఆమె భర్తను పిలిచి, పెట్టెలన్నీ మంచం కిందికి మార్చమన్నారు. పైవాడి మాటకు ఎదురులేదన్నది మొదటి నిబంధన. ఇక కౌంటరు కదపకూడదని మరిది పుస్తకంలో ఉంది కానీ, దాని మీద గుడ్డ పరిచి కత్తిరించకూడదని ఎక్కడా లేదు. మరిదే వెతికి చెప్పాడు.

ఆ పూట భోజనాల దగ్గర మంచినీళ్లు పోస్తూ ఆమె నెమ్మదిగా అంది. "రేపట్నుంచి మిషను ముందుగదిలో ఉంటుంది. గుమ్మంలో ఎవర్నీ కలల గురించి అడక్కండి. అత్తయ్యా, మీరు కూర్చునే గుండీలు కుడుదురుగాని."

"దరఖాస్తు పెట్టక్కర్లేదుటే?" అంది అత్తగారు.

ఏ ప్రకటన విన్నా లేచి చప్పట్లు కొట్టాలి కనుక భర్త లేచి కొట్టాడు. మరిది సరిగ్గా ఎనిమిది పళ్లు చూపించాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలో చెప్పే పుస్తకమేదీ లేని పెద్దకోడలు వెళ్లి, బడిపంతులు చొక్కా చేతులు పొట్టి చేసింది.