సోమేశ్వర్ పెట్టిన పొయ్యి

అవి సకల జనుల సమ్మె రోజులు. జనగామ బంద్ కావడంతో కిరాణా దుకాణం తెరిచే పని లేదు. పొద్దున లేస్తూనే సోమేశ్వర్ ఒక గట్టి నిర్ణయం తీసుకున్నాడు. ఇవాళ భార్య కళావతికి తానే వండిపెట్టాలి! తీసుకోక చస్తాడా? ఉద్యమం ఊపందుకున్నప్పటి నుంచి మనిషి ఫోన్‌కు అతుక్కుపోయాడు. వచ్చిన ప్రతి మెసేజీని ఉద్యమం గ్రూపులో ఉన్నవాళ్లందరికీ పంపాలి, పళ్లెం ముందు కూర్చున్నా సరే పంపాలి. రాత్రి కళావతి తేల్చి చెప్పేసింది.

"రేపు ఒక్క పూటన్న నాతోటి కూసోని తినకుంటే చిట్యాల పోత, మా అమ్మగారింటికి. మల్ల రాను." సంచి కూడా సర్దేసింది.

అది ఉత్త బెదిరింపు కాదని సోమేశ్వర్‌కు తెలుసు. లోపలికి పోయి బతిమాలుదామంటే నోరు పెగల్లేదు. ఎన్నాళ్లైంది మరి, ఇంటావిడతో నోటితో మాట్లాడి! అరుగు మీద కూర్చుని మెసేజీ కొట్టాడు: "ఇయ్యాల ఇంటి ముందట కట్టెల పొయ్యి పెడుత. నేనే వండుత. తప్పకుండ రావాలె, కలిసి తిందాం."

పంపడమైతే పంపాడు. కానీ ఆ పాపిష్టి బొటనవేలు అలవాటు కొద్దీ ఉద్యమం గ్రూపు మీదే నొక్కింది. ఆ సంగతి చూసుకోకుండా మహానుభావుడు ఫోన్ కట్టేసి, జేబులో పడేసి, మూడు రాళ్లు పేర్చాడు.

బంద్ నాడు ఇంటి ముందు పొయ్యి పెడతానంటే ఆ రోజుల్లో ఎవరికైనా ఏమనిపిస్తుంది? రోడ్డు మీదే వండుకు తిని నిరసన తెలిపే వంటావార్పే! పొయ్యి రాజుకోకముందే డప్పుల మోత వినిపించింది. ముందు పక్క దుకాణం లక్ష్మణ్ పెద్ద గుండిగతో, వెనక కూరగాయలమ్మే గట్టమ్మ బియ్యం మూటతో, ఆ వెనక వాడ వాడంతా!

"శభాష్ అన్నా! ఒక్కనివే వండుతవా? మేం లేమా?" అన్నాడు లక్ష్మణ్.

"గది కాదు తమ్మీ, గిది మా ఇంట్ల ముచ్చట..."

"ఇప్పుడు గిది ఇంటింటి ముచ్చటనే! జై తెలంగాణ!"

క్షణాల్లో రోడ్డు నిండిపోయింది. కేబుల్ టీవీ కెమెరా కూడా వచ్చింది. అప్పుడే సంచి పట్టుకుని గడప దాటింది కళావతి. సోమేశ్వర్‌కు పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏంది గిదంత?"

"నీకోసమే..."

"నాకోసం గింతమందిని పిలుస్తరా?" అంటూనే ఆమె గుండిగలోకి తొంగిచూసింది. "అయ్యో! ఎవలు పోసిన్రు గిన్ని నీళ్లు? గిది అన్నమా, గంజా? జరుగుండ్రి!"

సంచి పక్కన పడింది, కొంగు నడుముకు చుట్టుకుంది, గరిటె చేతిలోకి వచ్చింది. కెమెరా అటు తిరిగింది. "మీ డిమాండ్ ఏంటమ్మా?" అని అడిగారు టీవీవాళ్లు.

"తెలంగాణ రావాలె. ఫోన్ల పడిపోయిన మా ఆయన గూడ ఇంటికి రావాలె!"

ఆడవాళ్లంతా ఈలలు, కేకలు! సోమేశ్వర్‌కు సిగ్గూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఎక్కడలేని సంబరమూ వచ్చింది.

సాయంత్రానికి సంచి విప్పేసింది కళావతి. సోమేశ్వర్ ఈసారి తానే వండి, రెండు పళ్లాలు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. ఫోన్ మోగింది. అతనిది కాదు, ఆమెది.

"ఆఁ అక్కా, టీవీల సూసిన్రా? రేపు మానుకోటల మీటింగా? వస్త, వస్త!" అది పెట్టేలోపే భూపాలపల్లి నుంచి ఇంకొకటి.

"కళావతీ, అన్నం సల్లారుతున్నది. జర నీతోటి మాట్లాడాలె."

"మెసేజ్ పెట్టుండ్రి, సూస్త" అంది కళావతి.