హంపమ్మ విరిగిన కాలు

మా ఊరిమీద ఒక బాంబు పడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

కోపగించుకోకండి. నేను రాజభక్తుణ్ణే. ముప్పై ఏళ్ళు సర్కారు ఆస్పత్రిలో కాంపౌండరుగా మందులు కలిపి రిటైరైనవాణ్ణి. జపాను వాడిమీద నాకే మోజూ లేదు. కాని వాడి బాంబు వస్తుందన్న భయం ఒక్కటే మా ఊరికి ఎన్ని మేళ్ళు చేసిందో వింటే, మీ ఊరికీ ఒకటి కావాలని మీరే అర్జీ పెట్టుకుంటారు!

మాది పత్తికొండ తాలూకాలో ఒక మెట్ట పల్లె. సముద్రం ఇక్కడికి రెండు వందల మైళ్ళు. దాన్ని చూసినవాడు మా ఊళ్ళో ఒక్కడూ లేడు. రెండేళ్ళుగా వాన చూసినవాడు కూడా లేడు. బావిలోకి బొక్కెన వదిలితే అడుగు రాయి తగిలి మోగుతుంది. ఇలాంటి ఊరికి శత్రువు ఎందుకు వస్తాడని బాంబు పడితే ఏం చెయ్యాలో ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చిన ఆఫీసరుగారిని అడిగాను.

"దారి తప్పి రావచ్చు గదా" అన్నారాయన.

అదీ నిజమే. మా ఊరికి ఇంతవరకు ఏ ఆఫీసరు వచ్చినా దారి తప్పే వచ్చాడు.

కిందటి ఎండాకాలంలో పదహారు మందితో వాలంటీర్ల దళం తయారైంది. బట్టల కొట్టు రసూల్ సాహెబ్ చీఫ్ వార్డెన్. ఫస్ట్ ఎయిడ్ పాఠాలు చెప్పే బాధ్యత నాది. పై ఆఫీసు నుంచి ఒక ఫస్ట్ ఎయిడ్ పుస్తకం, రెండు స్ట్రెచర్లు, ఒక పెట్టెడు బ్యాండేజీలు, ఎర్ర రంగు వేసిన ఎనిమిది బకెట్లు వచ్చాయి. బకెట్లు వచ్చాక వాటిని నింపాలి గదా! తాగడానికి నీళ్ళ బండి పంపమని రెండేళ్ళు అర్జీలు పెట్టి అలసిపోయాం. బాంబు మంటలు ఆర్పడానికి అనేసరికి రోజుకు రెండు పూటలా పీపాల బండి వచ్చింది. శత్రువు మహిమ ఇప్పుడైనా ఒప్పుకుంటారా?

ఆ మంటలేవో వచ్చేలోగా బకెట్లు ఎలా ఖాళీ అయ్యేవో నన్ను అడగకండి. మా ఎండలు అటువంటివి.

మొదటి పాఠం ఆకాశం చూడటం. పైన చిన్న చుక్క కనబడినా వెంటనే చెప్పాలి. వాలంటీర్లందరికీ అరగంటలో మెడలు పట్టేశాయి. రైతు కంబన్న మాత్రం మధ్యాహ్నం దాకా రెప్ప వేయకుండా చూశాడు. ఇంత ఓపిక ఎక్కడ నేర్చావని ఆఫీసరుగారు ముచ్చటపడి అడిగారు.

"రెండేండ్ల నుంచి ఇదే పని చేస్తాండాను సామీ. అరచెయ్యంత వాన మోడం గూడా కనబడల్యా" అన్నాడు కంబన్న. అతనికి ఫస్టు క్లాసు ఇచ్చారు.

ఇక అసలు డ్రిల్లు. బాంబు పడినట్టే, ఊరివాళ్ళు గాయపడినట్టే నటించాలి. ఎవరికి ఏ గాయమో రసూల్ సాహెబ్ అట్ట ముక్కలమీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి రొమ్ముకు పిన్నుతో గుచ్చాడు. 'కాలు విరిగింది', 'ఒళ్ళు కాలింది', 'చచ్చిపోయాడు'. గాయపడినవాళ్ళకు కట్టు కట్టి, నీళ్ళిచ్చి, ఒక ముంత జొన్న అంబలి పోయాలని రూలు. దాని కోసం మూడు బస్తాల జొన్నలు కూడా వచ్చాయి.

అంబలి మాట బయటికి పొక్కగానే మా ఊళ్ళో గాయపడటానికి జనం ఎగబడ్డారు. ఇంత దేశభక్తి నేను ఎన్నడూ చూడలేదు. చావు కార్డు పడిన కంబన్న ఒక్కడే అలిగాడు. చచ్చినవాళ్ళకు అంబలి లేదని రూలు.

"బతికినోళ్ళకు పోస్తాండారు. సచ్చినోనికి పిండమన్నా పెట్టల్ల గదా సామీ. కాకికన్నా తక్కువనా నేను?" అన్నాడు.

రసూల్ సాహెబ్ కాసేపు గడ్డం నిమిరి, కంబన్న చావలేదనీ స్పృహ తప్పాడనీ కార్డు మార్చి రాశాడు. ముంత నిండింది.

మర్నాడు పొద్దున్నే కూలి పనుల హంపమ్మ మా ఫస్ట్ ఎయిడ్ పాకకు వచ్చింది. రొమ్మున నిన్నటి 'కాలు విరిగింది' కార్డు అలాగే ఉంది. నడకలో కుంటు కూడా ఉంది.

"డ్రిల్లు నిన్ననే అయిపోయింది హంపమ్మా" అన్నాను.

"అయిపోతే? ఇరిగిన కాలు ఒక దినానికే అతుక్కుంటాదా సామీ? ఆరు వారాలు పడతాదని పాఠంలో నువ్వే చెప్తివి గదా" అంటూ ముంత ముందుకు చాపింది.

నేను రసూల్ సాహెబ్ వైపు చూశాను.

"బుక్కులో ఆరు వారాలనే ఉండాది గదా, కాంపౌండర్ సాబ్. బుక్కు తప్పని రాయమంటావా?" అన్నాడాయన.

సర్కారు పుస్తకాన్ని తప్పు పట్టే ధైర్యం నాకు లేదు. హంపమ్మకు ఆరు వారాల అంబలి ఖాయమైంది. కొడుకూ కోడలూ కూలికి తుంగభద్ర అవతలికి పోయారు. వాన పడితే తిరిగొస్తారు. అందాకా ఆమె ప్రాణం నిలబడటానికి ఆ విరిగిన కాలే ఆధారం.

మిగతావాళ్ళూ కార్డులతో వచ్చారు. నా పాఠాలు కూడా రోజురోజుకూ ఉదారంగా మారాయని ఒప్పుకుంటున్నాను. కాలిన ఒళ్ళు మానడానికి రెండు నెలలు కావాలని చెప్పాను. విషవాయువు పీల్చినవాడు పంట చేతికొచ్చేదాకా కోలుకోడని కూడా చెప్పాను. వైద్యశాస్త్రం నన్ను క్షమించాలి.

అయిదో వారం ఇన్‌స్పెక్షన్ జరిగింది. కొత్త ఆఫీసరుగారు వీధిలోకి వచ్చేసరికి ఊరు ఊరంతా కుంటుతోంది, మూలుగుతోంది, దగ్గుతోంది. ఆయన కళ్ళు చెమర్చాయి. డ్రిల్లు లేనప్పుడు కూడా తమ గాయం మరవని ఇలాంటి క్రమశిక్షణ తానెక్కడా చూడలేదని రిపోర్టు రాశారు.

ఆ మెచ్చుకోలే మా కొంప ముంచింది. వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది: 'మీ గ్రామమున శిక్షణ సంపూర్తియైనది. సామగ్రి వెంటనే వాపసు పంపవలెను.' బకెట్లు పోయాయి, పీపాల బండి పోయింది, మిగిలిన జొన్నలూ పోయాయి. ఒక్క కాగితంతో నలభై ముగ్గురి గాయాలు ఒకే పూటలో మానిపోయాయి. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇంత గొప్ప మందు నేను కలపలేదు!

"ఇంగా నాలుగు దినాలు మిగిలుండాది సామీ" అంది హంపమ్మ ఖాళీ పాక ముందు నిలబడి. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "వానలు పడేదాకా మానని రోగం ఏదన్నా ఉంటే చూసి ఇంగో కార్డు రాయి. ఏ రోగమైనా పర్వాల్యా."

పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశాను. విరగడం ఉంది, కాలడం ఉంది, విషవాయువు ఉంది, బాంబు చప్పుడుకు మతి చలించడం కూడా ఉంది. ఆమెకున్న రోగం మాత్రం అందులో లేదు. ముప్పై ఏళ్ళు మందులు కలిపిన చేతులతో ఊరికే పేజీలు తిప్పుతూ ఆమె ముందు నిలబడటానికి సిగ్గేసింది.

చివరికి రసూల్ సాహెబ్ చేత ఒక కొత్త కార్డు రాయించాను. పేరు: హంపమ్మ. గాయం: ఆకలి. దాన్ని పై ఆఫీసుకు పంపాను.

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. 'తాము పేర్కొనిన గాయము శత్రువు వలన కలిగినది కాదు. కావున సహాయమునకు వీలు లేదు.'

నేను రాజభక్తుణ్ణని ముందే చెప్పాను గదా. అందుకే ఎంతో వినయంగా తిరిగి రాశాను: అయ్యా, మరి ఎవరి వలన కలిగినదో విచారించి సెలవియ్యగలరు.

దానికి ఇంకా జవాబు లేదు. వానా లేదు. రసూల్ సాహెబ్ ఇంట్లోంచి ఒకపూట, మా ఇంట్లోంచి ఒకపూట హంపమ్మ ముంతలో ఏదో ఇంత పడుతోంది. మా రెండిళ్ళ గాదెలూ అడుగంటాయి. నిన్న ఆమె మా వీధిలోంచి పోతుంటే చూశాను. రొమ్మున కార్డు లేదు, కాని ఇంకా కుంటుతూనే ఉంది.

"కాలు బాగనే ఉండాది గదా హంపమ్మా, ఇంకా ఎందుకు కుంటుతావు?" అన్నాను.

"మళ్ళా సర్కారోళ్ళకు ఎప్పుడు భయం పుడతాదో ఏమో సామీ" అంది. "అలవాటు తప్పకూడదు గదా."