కోచ్ గారి జీతంలో ఒక సున్నా

ఆ గురువారం ఉదయం మార్లిస్ కుచేరా పెట్టుకున్న పనులు మూడే. కింద బేకరీలో పళ్ళ గుజ్జు పెట్టి కాల్చిన కొలాచీ రొట్టె ఒకటి తిని కాఫీ తాగడం, తొమ్మిది లోపల కాలేజీ జిమ్‌కు చేరి పదకొండుమంది ఆడపిల్లలను తడుముకోకుండా పేర్లతో పిలవడం, మధ్యాహ్నం అభిమానుల సంఘం భోజనంలో మూడు నిమిషాలు నిలబడి అందరికీ కృతజ్ఞతలు చెప్పి కూర్చోవడం.

నలభై ఆరేళ్ళ వయసులో ఆమె మొదటిసారి హెడ్ కోచ్ అయింది. అంతకు ముందు పందొమ్మిదేళ్ళు నాలుగు కాలేజీల్లో అసిస్టెంట్‌గా చేసింది. అసిస్టెంట్ అంటే వ్యాన్ నడపాలి, జెర్సీలు ఉతకాలి, ఓడిన రోజు పిల్లల్ని ఓదార్చాలి, గెలిచిన రోజు ఫోటోలో భుజం వరకు కనిపించాలి. ఏడాదికి ముప్పై ఒక్క వేల డాలర్లు. ఇప్పుడు నెబ్రాస్కాలోని ఈ చిన్న ఊరి కాలేజీ మహిళల బాస్కెట్‌బాల్ జట్టును ఆమె చేతిలో పెట్టి, యాభై నాలుగు వేలు ఇస్తామంది. ఆ ఉత్తరం చదివిన రోజు ఆమె వంటగదిలో నేలమీదే చతికిలపడి పావుగంట ఏడ్చింది. అది సంతోషమేనని తెలుసుకోవడానికి ఇంకో పావుగంట పట్టింది.

బేకరీ నడిపే బెర్నడెట్టే ఆమె ఇంటి యజమానురాలు. వారం రోజులుగా "అమ్మాయ్" అని నోరారా పిలిచే మనిషి, ఆ రోజు కౌంటరు దాటి బయటికి వచ్చి, కుర్చీ లాగి, గుడ్డతో తుడిచింది.

"కూర్చోండి మేడమ్. ఆప్రికాట్‌దేనా? రెండు తీసుకోండి."

"మేడమ్ ఏంటి బెర్నడెట్ గారూ, కొత్తగా?"

"ఇక అలా పిలవకపోతే ఎలా? మీ సంగతి ఊరంతా తెలిసిపోయింది. అంత వస్తుందని మేమెవరం అనుకోలేదు సుమండీ."

ఉద్యోగం గురించేనని మార్లిస్ పొంగిపోయింది. "నిజం చెప్పనా, నేనూ అనుకోలేదు. నా మొహానికి అంత ఎక్కువే."

"అయ్యో, ఎంత అణకువ! మరి అంత డబ్బూ ఏం చేస్తారు?"

"ముందు కారు బ్రేకులు మార్పించాలి."

బెర్నడెట్ రెండో కొలాచీ పళ్ళెంలో పెట్టింది. "బ్రేకులు. ఆ తర్వాత?"

"తర్వాతంటే... మిగిలితే ఒక మంచి పరుపు కొనుక్కుంటా. ఈ వయసులో నడుం పట్టేస్తోంది."

మార్లిస్ వెళ్ళిపోయాక, డబ్బు ఉన్నవాళ్ళు ఎందుకు ఉన్నవాళ్ళయ్యారో ఇవాళ అర్థమైందని బెర్నడెట్ వచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పింది.

మార్లిస్ ఇంకా చూడనిది ఏమిటంటే, తెల్లవారేసరికి ఇంటింటి గుమ్మంలో పడ్డ ఊరి వారపత్రిక. మొదటి పేజీలో ఆమె ఫోటో, దాని కింద పెద్ద అక్షరాల్లో: కొత్త కోచ్ జీతం ఏడాదికి 5,40,000 డాలర్లు. చివర ఒక సున్నా ఎక్కువ పడింది.

జిమ్ మెట్లమీద ఫాదర్ స్టానెక్ ఎదురుచూస్తున్నాడు. చర్చి కప్పు కారడం మొదలై ఆరేళ్ళయింది. వాన పడితే గాయక బృందం గొడుగుల కింద పాడేది.

"దేవుడు నిన్ను బాగా చూశాడమ్మా," అన్నాడు ఆయన మొహమాటంగా.

"చాలా బాగా చూశాడు ఫాదర్. పందొమ్మిదేళ్ళు ఆలస్యమైనా చూశాడు."

"అడగటానికి నోరు రావడంలేదు గానీ... ఆ కప్పు..."

"అడగాలా ఫాదర్? మా అమ్మ నేర్పిన పద్ధతే, జీతంలో పదోవంతు చర్చికి. ఈ ఏడాదిది ముందే ఇచ్చేస్తానుకోండి."

ఫాదర్ స్టానెక్ మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆమె మనసులో ఐదు వేల నాలుగు వందలు ఉన్నాయి, ఆయన మనసులో యాభై నాలుగు వేలు. ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపి, ముసలాయన యువకుడిలా పరుగెత్తాడు. తొమ్మిదిన్నరకు చర్చికి నిచ్చెనలు వేశారు.

సంగతి చెప్పింది జట్టు కెప్టెన్ టియానా. సాధన మొదలుపెట్టబోతుండగా ఆ పిల్ల పత్రిక చేతికిచ్చి, "కోచ్, తప్పుగా అనుకోకండి. ఇంత ఇస్తున్నారు కదా, మా బూట్లకి లేసులైనా కొనచ్చుగా?" అంది.

మార్లిస్ ఆ అంకె చదివింది. వేలు పెట్టి సున్నాలు లెక్కపెట్టింది. మళ్ళీ కుడినుంచి ఎడమకు లెక్కపెట్టింది. అటునుంచీ అన్నే ఉన్నాయి. బేకరీలో తానన్న మాట ఒకటి, మెట్లమీద అన్న మాట ఇంకొకటి, వరసగా గుర్తొచ్చి ఆమె పైప్రాణాలు పైనే పోయాయి.

"టియానా, వీళ్ళచేత పరుగులు తీయించు," అని చెప్పి తనూ పరుగందుకుంది.

పత్రిక సంపాదకుడు అల్విన్ పోస్పిషిల్‌కు డెబ్భై ఎనిమిదేళ్ళు. వార్త రాసేది ఆయనే, అచ్చు చూసేది ఆయనే, తప్పులు వేసేదీ ఆయనే.

"ఒక్క సున్నాయే కదమ్మా. సున్నాకి విలువేముంది?"

"కుడిపక్కన పెడితే ఉంటుందండీ! ఊళ్ళో అందరికీ నేనేదో లక్షాధికారినని చెప్పారు మీరు."

"సవరణ వేస్తాను. వచ్చే గురువారం."

"అప్పటికి చర్చికి బంగారు కప్పు వేయిస్తారండీ!"

అల్విన్ పెద్దమనిషి. తప్పు తెలుసుకుని, అప్పటికప్పుడు ఫోన్ అందుకుని ముఖ్యులందరికీ వరసపెట్టి చేశాడు. కాలేజీ ప్రెసిడెంటుకు మాత్రం అంకెతో సహా వివరంగా చెప్పి క్షమాపణ అడిగాడు. మిగిలినవాళ్ళకు చెప్పేసరికి ఓపిక అయిపోయింది. "కోచ్ గారి జీతం మేం వేసింది తప్పు. అసలు సంగతి వచ్చే వారం," అని పెట్టేశాడు.

పదకొండు గంటలకల్లా ఊరు దాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. పత్రిక తక్కువ వేసిందట. అసలు జీతం పదిలక్షలట. ఎవరో పేరు చెప్పని దాత వెనకనుంచి ఇస్తున్నాడట. అంత ఇస్తున్నారంటే ఆవిడలో ఏదో ఉండే ఉంటుందని, కిందటేడు ముప్పై ఏడుమంది మాత్రమే కొన్న సీజన్ టికెట్ల కోసం జిమ్ బయట వరస కట్టారు. వరసలో నుంచి ఒక రైతు మార్లిస్‌ను చూసి గౌరవంగా టోపీ తీశాడు. ఆమె "వద్దండీ, కొనకండి," అని చేతులూపింది. "చూశారా, టికెట్లు చాలవని ఆవిడకి తెలుసు," అన్నాడాయన. వరస ఇంకాస్త ముందుకు తోసుకుంది.

ఆమె చర్చికి వెళ్ళేసరికి పాత కప్పు సగం నేలమీద ఉంది, ఫాదర్ అప్పటికే భోజనానికి బయల్దేరాడు.

అభిమానుల భోజనం పన్నెండుకు. మార్లిస్ లోపలికి వెళ్ళింది. నిజం చెప్పడానికి ఆమెకు భయంలేదు. చెప్పాక వీళ్ళ మొహాలు ఎలా మారతాయోనన్నదే భయం. చౌకగా దొరికిన మనిషి అని ఒక్కసారి ముద్ర పడితే, ఆ జట్టు మీద కూడా అదే ముద్ర పడుతుంది. ఆ పదకొండుమంది పిల్లలు ఖాళీ కుర్చీల ముందు ఆడి ఆడి అలిసిపోయినవాళ్ళు.

ప్రెసిడెంట్ డాక్టర్ ఫిలిస్ హార్గ్రేవ్ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. పళ్ళెం కింద వారపత్రిక నాలుగు మడతలు పెట్టి ఉంది.

"మేడమ్, నేను వెంటనే ఒక మాట చెప్పాలి..."

"ముందు చికెన్ తినమ్మా, చల్లారిపోతుంది," అంది ప్రెసిడెంట్.

అంతలో పురుషుల జట్టు కోచ్ వెర్న్ టిబ్బెట్స్ లేచాడు. పద్నాలుగేళ్ళుగా అక్కడ ఉన్నాడు, జీతం ఎనభై ఎనిమిది వేలు. పొద్దున పత్రిక చదివినప్పటినుంచి ఆయనకు మంచినీళ్ళు కూడా మింగుడుపడలేదు. వినతిపత్రం ఒకటి తయారుచేసి, దానిమీద అరవై సంతకాలు పెట్టించాడు.

"నాకు న్యాయం ముఖ్యం," అన్నాడు గొంతు సవరించుకుని. "చదువుతాను వినండి. ఒకే కాలేజీ, ఒకే బంతి, ఒకే ఎత్తున బుట్ట. కాబట్టి పురుషుల కోచ్‌కూ మహిళల కోచ్‌కూ జీతం సమానంగా ఉండాలి. ఇద్దరిలో ఎవరిది ఎక్కువైతే రెండోవారికీ అదే ఇవ్వాలి. ఆడా మగా అన్న తేడా ఈ కాలేజీకి తగదు."

ఆడవాళ్ళ బంతి చుట్టుకొలతలో ఒక అంగుళం చిన్నదని మార్లిస్‌కు తెలుసు. ఆ సమయంలో ఆ మాట ఎత్తడం మర్యాద కాదనిపించింది. ఆమె చెయ్యెత్తింది. ప్రెసిడెంట్ ఆ చేతిలో ఒక రొట్టె పెట్టింది.

"ప్రతి అక్షరమూ మీరే రాశారా వెర్న్?" అని అడిగింది ప్రెసిడెంట్.

"ప్రతి అక్షరమూ."

"ఎవరిది ఎక్కువైతే రెండోవారికీ అదే. తర్వాత మాట మార్చరు కదా?"

"నేను మాట మార్చే మనిషినా మేడమ్?"

పాలకమండలి సభ్యులు ఐదుగురు అక్కడే ఉన్నారు. పదేళ్ళుగా ప్రెసిడెంట్ ఇదే మాట తెస్తే డబ్బులేదని తోసిపుచ్చినవాళ్ళు. ఇప్పుడు ఎవరో దాత ఇస్తున్నాడాయె. పరాయి సొమ్ము అయినప్పుడు ఔదార్యానికి కొదవేముంది? ఐదు చేతులూ లేచాయి. తీర్మానం రాసుకున్నారు, సంతకాలు పెట్టారు. సిరా ఆరేదాకా ప్రెసిడెంట్ ఊదింది.

"ఇప్పుడు కోచ్ కుచేరా మాట్లాడతారు," అంది.

మార్లిస్ లేచింది. రాసుకొచ్చిన కాగితం తీసింది, చూడలేదు.

"నా జీతం యాభై నాలుగు వేలండీ. పత్రికలో సున్నా ఒకటి ఎక్కువ పడింది. దాత ఎవరూ లేరు. ఫాదర్, నన్ను క్షమించండి, నేను అన్న పదోవంతు చాలా చిన్నది." ఆమె కాగితం మడిచి పక్కన పెట్టింది. "పందొమ్మిదేళ్ళలో నాకోసం ఎవరూ కుర్చీ తుడవలేదు. ఇవాళ బెర్నడెట్ గారు తుడిచారు. నన్ను చూసి ఒకాయన టోపీ తీశారు. మా పిల్లల ఆట చూడ్డానికి జనం వరసలో నిలబడ్డారు, అది నేను జిమ్ కిటికీలోంచి మా టియానాకి చూపించాను. ఆ పిల్ల ఏడ్చింది. మీరు ఐదు లక్షల మనిషి వచ్చిందనుకుని అవన్నీ చేశారు. టికెట్ డబ్బులు ఎవరు అడిగితే వాళ్ళకి ఇచ్చేస్తారు. ఆ మర్యాద మాత్రం వెనక్కివ్వాలంటే నాకు మనసొప్పడం లేదు. ఉంచుకోవచ్చా?"

ముందుగా బెర్నడెట్ లేచింది.

"యాభై నాలుగు వేలకి అంత కష్టపడుతున్నావా అమ్మాయ్?" అంది, మళ్ళీ పాత గొంతుతో. "పొద్దున కొన్న నా రెండు టికెట్లూ నా దగ్గరే ఉంటాయి. అద్దె పెంచుదామనుకున్నాను, ఆ పాపం కూడా కడిగేసుకుంటున్నా."

అప్పుడు మొదలైన చప్పట్లకు పళ్ళేలు కదిలాయి. అమ్మిన నాలుగు వందల పన్నెండు టికెట్లలో ఒక్కటీ వెనక్కి రాలేదు. టికెట్ ఎనభై ఐదు డాలర్లు. రెండు జీతాల మధ్య తేడాకు సరిపోయి, లేసులకు కూడా మిగులుతుందని ప్రెసిడెంట్ రుమాలు మీద లెక్క వేసి పాలకమండలికి చూపించింది. వాళ్ళు కక్కలేక మింగలేక తలలూపారు.

వెర్న్ మాత్రం ఇంకా నిలబడే ఉన్నాడు. "అంటే... నా జీతం?"

"మీకేం, మీది ఎక్కువ," అంది ప్రెసిడెంట్. "ఆమెకీ ఇప్పుడు అదే. ఎనభై ఎనిమిది. మీరు రాసిందే కదా."

వెర్న్ తన కాగితాన్ని మళ్ళీ చదువుకున్నాడు. తప్పించుకోవడానికి సందు దొరకలేదు, గట్టిగా రాశాడు. ఆఖరికి మార్లిస్ దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"పొద్దున రాస్తున్నప్పుడు ప్రతి ముక్కా న్యాయమే అనిపించిందమ్మా. ఇప్పుడూ న్యాయమే. రుచే మారింది."

"మీకు ఎన్నిసార్లు థాంక్స్ చెప్పాలో నాకు తెలియడంలేదు వెర్న్ గారూ," అంది మార్లిస్. ఆమె కళ్ళు నిండి ఉన్నాయి. అందులో వెక్కిరింత లేదని చూసి ఆయన ఇంకా ఇబ్బంది పడ్డాడు.

ఆ వెనకే ఫాదర్ స్టానెక్ వచ్చాడు. మార్లిస్ కొత్త జీతంలో పదోవంతుతో కప్పు ఎంతవరకు వస్తుందో ఆయన అప్పటికే వేళ్ళమీద లెక్కకట్టాడు. గాయక బృందం నిలబడే చోటు దాకా వస్తుంది.

"వెర్న్, నాయనా," అన్నాడు ఆయన మెత్తగా. "ఇద్దరూ సమానమే అన్నావు కదా. మరి పదోవంతు సంగతేమిటి?"

మే నెలాఖరుకు చర్చి కప్పు పూర్తయింది. జూన్‌లో రాష్ట్ర మహిళా సంఘం, స్త్రీల సమాన వేతనం కోసం నిలబడిన ధీరుడని వెర్న్ టిబ్బెట్స్‌కు ఒక ఇత్తడి జ్ఞాపిక పంపింది. ఆయన దాన్ని రెండు రోజులు బీరువాలో దాచి, మూడో రోజు గోడకు తగిలించాడు.