పక్కింటాయన పేరు

సూర్యాపేటలో కొత్తగా పెట్టిన ఇంటర్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన శంకర్ గారిని పిల్లలంతా "ఎంతమంది సార్" అనేవారు. పోలీసు యాక్షన్ అయి ఏడాది తిరిగింది. ఎవరికి తోచింది వాళ్లు చేసేస్తున్న రోజులవి. ఈయన మాత్రం లెక్క చూపనిదే కుర్చీ కూడా జరపనిచ్చేవాడు కాదు. బావి తవ్విద్దాం సార్ అంటే, ముందు ఎంతమందికి దాహమేస్తుందో కనుక్కుని రమ్మనేవాడు.

ఆ కనుక్కునే పని కాలేజీ గుమాస్తా జంగయ్యది. మనిషి మంచివాడే. హైదరాబాదులో ఇంటర్ రెండుసార్లు రాసి, రెండుసార్లూ తప్పి, ఇక మళ్లీ రాస్తే పరీక్షకే అవమానమని మానేశాడు.

ఒకరోజు ప్రిన్సిపాల్ పిలిచి, "జంగయ్యా, వచ్చే ఏడు ఆడపిల్లలను చేర్చుకోవాలా వద్దా అని కమిటీ అడుగుతున్నది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగి ఎంతమంది పంపుతారో అడిగి రా. పంపేవాళ్లుంటే సీట్లిద్దాం, లేకుంటే ఆ మాట వదిలేద్దాం" అన్నాడు.

ఈ సంగతి ఇంట్లో చెప్పడమే జంగయ్య చేసిన పొరపాటు. అతని భార్య జమునది కోదాడ. బెజవాడ వైపు మేనమామ ఇంట్లో ఉండి మెట్రిక్ పాసైంది. వింటూనే గరిటె కింద పెట్టి, "అయితే నేనూ చేరతానండి" అంది.

"నువ్వు కాలేజికి పోతే నాకు బువ్వ ఎవరు పెడ్తరే?"

"వండిపెట్టే పోతాను."

"సుట్టాలొస్తే?"

"మీ చుట్టాలు ఎప్పుడూ వంట అయ్యే వేళకే కదా వచ్చేది. ఆ వేళకు ఇంట్లోనే ఉంటాను."

నిజానికి అతని భయం వంట గురించి కాదు. తాను తప్పిన పరీక్ష పెళ్లాం పాసైతే మొహం ఎక్కడ పెట్టుకోవాలన్నది అసలు బాధ. అది పైకి అనలేడు గనుక, లెక్కలోనే పని ఖతం చేద్దామనుకున్నాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, ఊకె పంపుతమంటే నమ్మేదెట్ల? ఇంటి యజమాని పేరు నోటితోని చెప్తెనే ఆ జవాబు లెక్కల పట్టాలె."

ప్రిన్సిపాల్ మురిసిపోయి భుజం తట్టాడు. మొగుడి పేరు నోటితో చెప్పే ఆడది ఆ మూడూళ్లలో ఇంకా పుట్టలేదని జంగయ్యకు తెలుసు. ఇక మిగిలింది మగవాళ్లు. వాళ్లనెలా అడగాలో కూడా అతనికి బాగా తెలుసు.

మిర్యాలగూడ చాయ్ హోటల్లో కూర్చుని, "ఏం మట్టయ్యా, నీ బిడ్డను మగపోరగాండ్ల నడుమ కూసోబెట్టి సదివిస్తవా?" అని అడిగాడు. మట్టయ్య గ్లాసు పక్కన పెట్టి చొక్కా చేతులు మడిచాడు. జంగయ్య దాన్ని కాదన్నట్టు రాసుకుని సంతోషంగా పక్క బల్లకు జరిగాడు. సూర్యాపేటలోనూ ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

కోదాడకు బయల్దేరేసరికి జమున కూడా సంచి సర్దుకుంది. "మా ఊరు కదా, ఆడవాళ్లను నేనడుగుతాను."

"రా. యజమాని పేరు చెప్పకుంటె మాత్రం లెక్కకు రాదు."

"తెలుసులెండి."

ఆరోజు కోదాడలో అంగడి. జంగయ్య హోటల్లో కూర్చుని మగవాళ్ల పని పట్టాడు. ఎదురుగా కూరగాయల వరసలో జమున, వంకాయలమ్మే ఉప్పలమ్మ పక్కన చతికిలబడింది. "అక్కా, అమ్మాయిలకు వేరే బెంచీల వరస, రానూపోనూ తోడు ఉంటే మీ పిల్లను కాలేజీకి పంపుతారా?"

"ఎందుకు పంపను? అది కూడా నా లెక్క వంకాయలు అమ్ముకోవాల్నా?"

"మరి మీ ఆయన పేరు?"

ఉప్పలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హోటల్లోంచి చూస్తున్న జంగయ్య నవ్వుకుంటూ ఇంకో చాయ్ చెప్పాడు.

జమున పక్కనున్న దుర్గమ్మ వైపు తిరిగింది. "వదినా, ఈమె మొగుడి పేరు నువ్వు చెప్పొచ్చు కదా?"

"నాకేం అడ్డం? వెంకటయ్య. నా మొగుని పేరు ఆమెను చెప్పమను."

"ఎల్లయ్య," అంది ఉప్పలమ్మ పకపకా నవ్వుతూ.

ఇంకేముంది, వరస వరసంతా అందుకుంది. పక్కింటాయనను పేరు పెట్టి పిలిచే అవకాశం వాళ్లకు ఏనాడూ దొరకలేదు కాబోలు, గొంతు చించుకుని చెప్పారు. తమ పేర్లు విన్న మగవాళ్లు ఇళ్లంటుకున్నాయో, ఎద్దులు తప్పిపోయాయో అని పరుగెత్తుకొచ్చారు. జంగయ్యకు అప్పుడే కాదని చెప్పినవాళ్లు కూడా సగం తాగిన చాయ్ వదిలేసి లేచారు. ఆ చాయ్‌లన్నింటికీ హోటలాయన జంగయ్యనే పట్టుకున్నాడు.

జమున వాళ్లనూ అదే మాట అడిగింది. వెంకటయ్య తన పెళ్లాం మొహం చూసి, "వేరే వరస ఉంటే పంపక ఏం చేస్తాం" అన్నాడు.

"నాకు గట్ల చెప్పలేదేందయ్యా?" అన్నాడు జంగయ్య.

"నువ్వు అట్లా అడగలేదు కదా."

రెండు లెక్కలూ చూసి ప్రిన్సిపాల్ కళ్లద్దాలు తీశాడు. ఒకే ఊరు, ఒకే మనుషులు, ఇంత తేడా ఎందుకని అడిగాడు. జమున ఇద్దరూ అడిగిన తీరు చెప్పింది. "జంగయ్యా, నువ్వడిగింది ప్రశ్న కాదు, తగాదా. మిగతా రెండూళ్లు ఈ అమ్మ అడిగినట్టు మళ్లీ అడిగి రాపో" అన్నాడు. ఈసారి మట్టయ్య చొక్కా చేతులు మడవలేదు, చాయ్ కూడా ఇప్పించాడు. కమిటీ సీట్లిచ్చింది.

చేరికల రోజు మొదట వచ్చింది జమునే. "ఇంటి యజమాని పేరమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్. ఆమె తల వంచుకుంది. ఆమె బదులు చెప్పడానికి గదిలో ఉన్నది ఆయనా, జంగయ్యే. "నాకు తెలుసు, కాని అడిగేవాణ్ణి, నేను చెప్పకూడదు. రూలు రూలే" అన్నాడు ప్రిన్సిపాల్.

నోరు మూసుకుంటే చాలు, జంగయ్య అనుకున్నది అయిపోతుంది. అతడు జమునను చూశాడు. ఒక్క ప్రశ్నతో మూడూళ్ల చేత అవుననిపించిన మనిషి ఇన్నాళ్లూ తన ఇంట్లోనే ఉన్నదని అతనికి గర్వమేసింది, వెంటనే సిగ్గూ వేసింది.

"జంగయ్య, సార్. ఒప్పుకున్న."

బయటికొచ్చాక జమున అంది, "ఈ యేడు మీరూ పరీక్ష రాస్తున్నారు. నిన్ననే సార్‌తో చెప్పి పేరు రాయించాను."

"నా పేరు ఎట్ల చెప్పినవే?"

"పక్కింటి అచ్చమ్మ వదినను వెంట తీసుకుపోయాను."

"మరి ఇయ్యాల ఆమెను తోలుకరాలేదేం?"

"ఇవాళ మీ నోటితో వినాలనిపించింది."

ఇల్లు దగ్గరపడ్డాక, "ఇంగ్లీషు మాత్రం నాకు నువ్వే చెప్పాలె" అన్నాడు మెల్లగా.